ఎవరి ఇష్టం? – అమెరికాలో ‘ఇష్టమున్నన్నాళ్ళ’ ఉద్యోగం పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో కొలువు సంపాదించుకున్న మన తెలుగు యువకుడి చేతికి నియామకపు ఉత్తరం రాగానే ఇంటిల్లిపాదీ మొదట చూసేది జీతం అంకె. ఆ తరువాత చూసేది ఊరు పేరు. ఆ ఉత్తరంలోనే ఎక్కడో కింది పేరాలలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. ఈ ఉద్యోగం ఉభయుల ఇష్టం మీద నడిచేది. కారణం చూపిగాని చూపకుండాగాని, ముందు చెప్పిగాని చెప్పకుండాగాని, ఏ పక్షంవారైనా ఏ క్షణాన్నయినా దీనిని ముగించవచ్చును – అని దాని తాత్పర్యం. దానిని ఎవరూ చదవరు. చదివినా అందులో అన్యాయమేదీ కంటికి ఆనదు. అతడు మానుకోవచ్చు, వారు మానిపించవచ్చు. తక్కెడ సమంగా ఉన్నట్టే ఉన్నది!

దీనిని అక్కడ ‘ఎంప్లాయ్‌మెంట్ ఎట్ విల్’ అంటారు. మనం ‘ఇష్టమున్నన్నాళ్ళ ఉద్యోగం’ అనుకుందాం. ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు అమెరికాలోని 50 రాష్ట్రాలలో 49 రాష్ట్రాల చట్టం ఈ పద్ధతినే ఊహించుకుంటుంది. ఎదిగిన పెట్టుబడిదారీ దేశాలలో ఈ విషయంలో అమెరికా దాదాపు ఒంటరి. జర్మనీలో 1951 చట్టం, బ్రిటన్‌లో 1971 చట్టం అకారణపు తొలగింపుకు అడ్డుకట్ట వేశాయి. అయినా అమెరికన్ న్యాయవాదులలో, ఆర్థికవేత్తలలో చాలామంది ఇష్టమున్నన్నాళ్ళ సూత్రాన్ని స్వేచ్ఛాసమాజపు సహజధర్మమన్నట్టు మాట్లాడతారు. సహజధర్మానికి పుట్టిన తేదీ ఉండదు. దీనికి ఉన్నది.

ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వచ్చి ముల్లు మీద పడినా చిరిగేది ఆకేనని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. కాని సామెతతో చరిత్రను సరిపుచ్చుకోగూడదు. ముల్లుకూ ఆకుకూ సమాన హక్కులున్నాయని ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి తీర్మానించారో చూడాలి.

అమెరికాకు న్యాయశాస్త్రం ఇంగ్లండు నుంచి వెళ్ళింది. ఇంగ్లండులో ఈ సూత్రం లేదు. అక్కడ 14వ శతాబ్దపు మహామారిలో జనం చచ్చి, మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడగసాగినప్పుడు, 1349లో రాజాజ్ఞ, 1351లో చట్టం వచ్చి పాత రేటుకే పని చేయాలని శాసించాయి. 1563లో ఎలిజబెత్ రాణి కాలపు చట్టం ఈ బంధాన్ని ఇంకా బిగించింది. అనేక వృత్తులలో ఏడాదికి తక్కువగా నౌకరును కుదుర్చుకోగూడదు. గడువు తీరకముందే పంపివేయాలంటే తగిన కారణమున్నదని స్థానిక మేజిస్ట్రేటు ఎదుట చూపించాలి. గడువు చివర వదిలించుకోవాలన్నా మూడు నెలల ముందు చెప్పాలి. 1765లో బ్లాక్‌స్టన్ పండితుడు దీనికి నైతికమైన వివరణ ఇచ్చాడు. కాలపరిమితి చెప్పని నియామకాన్ని ఏడాది నియామకంగానే చట్టం భావిస్తుంది. పని ఉన్న ఋతువులో సేవ చేయించుకున్న యజమాని పని లేని ఋతువులో కూడా పోషించడం న్యాయం గనుక. మన పల్లెలలో ఏడాది జీతానికి కుదిరే పాలేరును ఎరిగినవారికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు. నాట్లనుంచి నూర్పుల దాకా ఒళ్ళు విరిచి పని చేయించుకుని, గాదె నిండగానే పొమ్మనడం తప్పన్న భావం ఒక్క ఇంగ్లండుదే కాదు.

ఇంతమాత్రం చేత ఆ పాత చట్టాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. అదే 1563 చట్టం కింద గడువులోపల నౌకరును వెళ్ళగొట్టిన యజమానికి శిక్ష 40 షిల్లింగుల జరిమానా. గడువులోపల వెళ్ళిపోయిన నౌకరుకు శిక్ష జైలు. పనివాడు మాట తప్పడాన్ని నేరంగా చూసే చట్టాలు ఇంగ్లండులో 1875 దాకా బతికే ఉన్నాయి. పైగా యజమానులు ఆ ఏడాది రక్షణను కూడా ఎగవేయడం నేర్చుకున్నారు. ఏడాదిపాటు నౌకరీ చేసిన అవివాహితుడికి ఆ గ్రామపు దరిద్రపోషణ నిధిలో హక్కు వస్తుంది గనుక, చాలామంది 51 వారాలకే కుదుర్చుకునేవారు. చట్టానికి ఒక్క వారం తక్కువ! ఆ తెలివితేటలు ఈనాటి కాంట్రాక్టు ఉద్యోగాల విషయంలో మనకు కొత్తవి కావు.

అంటే పాత వ్యవస్థలో రెండు ముడులున్నాయి: పనివాడు వెళ్ళిపోకూడదు, యజమాని వెళ్ళగొట్టకూడదు. మొదటి ముడి ఇనుపది, రెండవది నూలుది. ఆ రెండు ముడులూ ఎలా విడిపోయాయన్నదే మన కథ.

అమెరికాలో 19వ శతాబ్దం మధ్య దాకా కోర్టులు తలా ఒక దారిన నడిచాయి. కొన్ని ఏడాది నియామకమన్నాయి, కొన్ని జీతం చెల్లించే కాలాన్ని బట్టి నెల నియామకమో వారం నియామకమో అన్నాయి. ఇలా ఉండగా 1877లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణపు న్యాయవాది హొరేస్ గ్రే వుడ్ యజమాని-నౌకరు చట్టంపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. కాలపరిమితి చెప్పని నియామకం ఇష్టమున్నన్నాళ్ళ నియామకమే. కాదు, ఏడాదిదని నౌకరు అంటే ఆ రుజువు భారం నౌకరుదే – అని అందులో రాశాడు. తన మాటకు ఆధారంగా నాలుగు అమెరికన్ కేసులు ఉదహరించాడు. తరువాతి పరిశోధకులు ఆ కేసులు తిరగవేసి చూసి, అవి ఆ సూత్రాన్ని సరిగా బలపరచవని తేల్చారు. వాటిలో 1871 నాటి మిచిగన్ గని కంపెనీ కేసయితే ఏడాది నియామకమేనని పనివాడి పక్షాన తీరిన కేసు! వుడ్‌కు ముందే కొన్ని రాష్ట్రాలలో ఆ ధోరణి ఉన్నదని అతడిని సమర్థించిన పండితులూ లేకపోలేదు. ఉండవచ్చు. కాని ధోరణి వేరు, సూత్రం వేరు. చెదురుమదురుగా ఉన్నదానిని ‘ఇదే దేశపు నియమం’ అని పుస్తకంలో ఎక్కించినవాడు వుడ్. ఆ తరువాత న్యాయమూర్తులు తీర్పులలో ఆ పుస్తకాన్ని ఉదహరించారు. ఆ పైన వచ్చినవారు ఆ తీర్పులను ఉదహరించారు. గొడ్డలి లేకుండానే అడవిలో బాట పడింది.

1877 మామూలు సంవత్సరం కాదు. ఆ జూలైలో బాల్టిమోర్-ఒహాయో రైల్వే జీతాలు కోస్తే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో మొదలైన సమ్మె దేశమంతా పాకింది. సమ్మెను అణచడానికి కేంద్ర సైన్యం దిగింది. అదే సంవత్సరం దక్షిణ రాష్ట్రాలలో, బానిసత్వం నుంచి విడుదలయిన నీగ్రో ప్రజలకు అండగా నిలిచిన కేంద్ర సైన్యాన్ని ఉపసంహరించారు. వుడ్ ఈ సంఘటనలకు జవాబుగా పుస్తకం రాశాడని నేను అనడంలేదు. అలాంటి సులువైన ముడులు వేయడం వల్ల మన పక్షపు చరిత్ర రచనకు మేలుకంటే కీడే ఎక్కువ జరిగింది. కాని పుస్తకం ఎందుకు రాశారన్నది ఒక ప్రశ్న, దానిని కోర్టులు అంత ఆత్రంగా ఎందుకు అందుకున్నాయన్నది మరొక ప్రశ్న.

ఈ రెండవ ప్రశ్నకు 1976లో జే ఫైన్‌మన్ అనే న్యాయచరిత్రకారుడు ఆసక్తికరమైన జవాబు చెప్పాడు. అప్పట్లో ‘నన్ను ఏడాదికి కుదుర్చుకున్నారు’ అని కోర్టుకెక్కినవారు మగ్గం మీది కూలీలు కారు. వారికి లాయరు ఫీజు ఎక్కడిది? కోర్టుకెక్కినవారు కంపెనీల మేనేజర్లు, ఏజెంట్లు, మధ్యస్థాయి ఉద్యోగులు. పెద్ద కంపెనీలు పెరిగిన కొద్దీ ఈ వర్గం కూడా పెరిగి, ఉద్యోగంలో తమకూ ఒక హక్కున్నదని భావించసాగింది. ఆ భావాన్ని తుంచడానికి ఈ సూత్రం పనికివచ్చింది. న్యూయార్క్ అత్యున్నత కోర్టు 1895లో వుడ్ సూత్రాన్ని స్వీకరించిన కేసు చూడండి. మార్టిన్ అనే వాది న్యూయార్క్ లైఫ్ ఇన్సూరెన్సు కంపెనీలో స్థిరాస్తి శాఖాధిపతి. ఆ రోజుల్లో ఏడాదికి 10,000 డాలర్ల జీతగాడు. ఏడాదికింత అని జీతం చెప్పినంత మాత్రాన ఏడాది నియామకమైపోదని కోర్టు అతడిని ఇంటికి పంపింది. తాను కార్మికుడిని కాననుకునే జీతగాడి మెడకోసం తయారైన ఉచ్చు తరువాత కోట్లాది కార్మికులకు సరిపోయింది.

ఇక ఈ సూత్రం గురించి రాసే ప్రతివారూ ఉదహరించే వాక్యం – మంచి కారణానికైనా, ఏ కారణం లేకుండానైనా, చెడ్డ కారణానికైనా తొలగించవచ్చుననేది – 1884 నాటి టెనిసీ రాష్ట్రపు తీర్పులోనిది. ఆ కేసులో వాది అసలు ఉద్యోగే కాడు! చాటనూగాలో పేన్ అనే దుకాణదారు ఉండేవాడు. అతడి ఖాతాదారులు చాలామంది వెస్టర్న్-అట్లాంటిక్ రైల్వే పనివారు. పేన్ కొట్లో సరుకు కొన్న పనివాడు బర్తరఫ్ అవుతాడని రైల్వే అధికారి నోటీసు పెట్టాడు. కొట్టు మూతపడింది, పేన్ దావా వేశాడు. తనవాళ్ళను ఎందుకు తీసివేస్తాడన్నది యజమాని ఇష్టం, అందువల్ల మూడోవాడికి నష్టం కలిగితే చట్టం చేయగలిగింది లేదని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. దానితో విభేదించిన న్యాయమూర్తి ఫ్రీమన్ చూపు మాత్రం దుకాణాన్ని దాటి పోయింది. ఈ సూత్రాన్ని ఒప్పుకుంటే, ఎక్కడ కొనాలో, ఎవరికి ఓటు వేయాలో, నేరం కానిదేదైనా సరే యజమాని పనివాడికి ఆజ్ఞాపించవచ్చు. కాదంటే కూడు తీయవచ్చు – అని హెచ్చరించాడు. తొలగించే హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదనీ, అది ఊరిలోకి, ఇంటిలోకి, ఓటుపెట్టె దాకా పోతుందనీ అంత స్పష్టంగా ఆనాడు చెప్పిన న్యాయమూర్తి ఆయన. ఆయనది మైనారిటీ అభిప్రాయం.

తరువాతి అంకం సుప్రీంకోర్టులో జరిగింది. 1894లో పుల్మన్ రైల్వే సమ్మెను సైన్యంతో అణచిన తరువాత, ఇలాంటివి మళ్ళీ రాకుండా 1898లో కాంగ్రెసు ఎర్డ్‌మన్ చట్టం చేసింది. యూనియన్ సభ్యుడైనందుకు రైల్వే కార్మికుడిని తొలగించడం ఆ చట్టం ప్రకారం నేరం. లూయీవిల్-నాష్‌విల్ రైల్వే అధికారి విలియం అడేర్, యూనియన్ సభ్యుడైన కాపేజ్ అనే ఫైర్‌మన్‌ను తీసివేసి శిక్ష పొందాడు. 1908లో సుప్రీంకోర్టు ఆ శిక్షను, చట్టంలోని ఆ సెక్షనును కూడా కొట్టివేసింది. కార్మికుడికి ఏ కారణం చేతనైనా మానుకునే హక్కున్నది, యజమానికి ఏ కారణం చేతనైనా మానిపించే హక్కున్నది, రెండూ సమానం, ఈ సమానత్వాన్ని చెడగొట్టడం స్వేచ్ఛకు భంగం. ఆ తీర్పు రాసినవాడు జస్టిస్ హార్లన్. 1896లో నీగ్రోలను రైలుపెట్టెలో వేరుగా కూర్చోబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని ఒంటరిగా వాదించినవాడూ ఈయనే. 1915లో కాన్సాస్ రాష్ట్రపు ఇలాంటి చట్టాన్నే కొట్టివేస్తూ సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసింది. కొందరి దగ్గర ఎక్కువ, కొందరి దగ్గర తక్కువ ఉండడం ఆస్తిహక్కులో సహజంగానే ఇమిడి ఉన్నదనీ, ఆ అసమానతను సరిదిద్దడం ప్రభుత్వపు పని కాదనీ జస్టిస్ పిట్నీ చెప్పాడు. 1908లో సమానులని చెప్పినవారే 1915లో అసమానత సహజమన్నారు. రెండు వాదనలకూ ఫలితం ఒక్కటే కావడం గమనించదగ్గది.

‘మానుకునే హక్కు’ అని అంత ఘనంగా చెప్పిన ఆ సంవత్సరాలలోనే, మానుకున్నందుకు ఒక మనిషి అలబామాలో శిక్ష అనుభవిస్తున్నాడు. ఈ కేసును పక్కన పెట్టుకుని చూడందే ముందరి తీర్పులు పూర్తిగా అర్థంకావు. అలోంజో బెయిలీ నీగ్రో వ్యవసాయ కూలి. నెలకు 12 డాలర్ల చొప్పున ఏడాది పనికి ఒప్పుకుని 15 డాలర్లు బయానా తీసుకున్నాడు. నెలా కొద్దిరోజులు పనిచేసి 1908 ఫిబ్రవరిలో మానివేశాడు. బయానా తీర్చకుండా పని మానడమే మోసానికి రుజువని అలబామా చట్టం. తన మనసులో మోసం లేదని బోనెక్కి చెప్పుకునే వీలు కూడా ఆ రాష్ట్రపు సాక్ష్యనియమం ఇవ్వలేదు. జరిమానా, కోర్టు ఖర్చులు. కట్టలేకపోతే 136 రోజుల కఠిన శ్రమ. 1911లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అప్పు పేరుతో మనిషిని పనికి కట్టివేయడం, బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణకు విరుద్ధమని జస్టిస్ హ్యూజ్ రాశాడు. అడేర్ కేసులో కార్మికుల చట్టం పక్షాన విభేదించి మనవాళ్ళ చేత కూడా మెప్పు పొందిన జస్టిస్ హోమ్స్ ఈ కేసులో బెయిలీకి వ్యతిరేకంగా విభేదించాడు. గొప్పవారి విగ్రహాలు కడిగేటప్పుడు ఇలాంటి మచ్చలు కూడా కనబడనివ్వాలి.

మన దేశంలోనూ ఇంగ్లీషు ప్రభుత్వం 1859లో ఇలాంటి చట్టమే చేసింది. బయానా తీసుకుని పని ఎగవేసిన పనివాడిని మేజిస్ట్రేటు జైలుకు పంపవచ్చు. అది 1925లో గాని రద్దు కాలేదు. కనుక బెయిలీ కథ మనకు పరాయిది కాదు.

ఇప్పుడు ఆ నియామకపు ఉత్తరంలోని వాక్యాన్ని మళ్ళీ చదవండి. అందులో రెండు హక్కులు ఒకే శ్వాసలో చెప్పబడ్డాయి. కాని వాటి వంశాలు వేరు. పనివాడు మానుకునే హక్కు యుద్ధంలో, నెత్తురులో గెలుచుకున్నది. దాని వెనుక 13వ సవరణ ఉన్నది, పారిపోయిన బానిసలున్నారు, బెయిలీ ఉన్నాడు. అది మనిషి మరొకడి సొత్తు కాడన్న హక్కు. యజమాని మానిపించే హక్కు వెనుక ఉన్నది ఒక లాయరు పుస్తకం, దానిని ఉదహరించిన తీర్పులు. మొదటిది ఇస్తే రెండవది తప్పనిసరిగా ఇవ్వాలన్న తర్కం ఎక్కడిది? పాత ఇనుపముడి విప్పినందుకు నూలుముడి కూడా విప్పాలని ఎవరు చెప్పారు? పనివాడు ఎప్పుడైనా వెళ్ళవచ్చు, యజమాని మాత్రం కారణం చూపాలి అన్న ఏర్పాటులో ఏ వైరుధ్యమూ లేదు. యూరపులో అనేక దేశాలు పనివాడి నుంచి కొద్దిపాటి నోటీసు మాత్రమే కోరుతూ అలాగే నడుస్తున్నాయి. మొదటి హక్కు పొందిన గౌరవాన్ని రెండవ హక్కు అరువు తెచ్చుకున్నది. అడేర్ తీర్పు చేసిన అసలు పని ఈ అరువు ఇప్పించడమే.

ఆ తీర్పును వెనక్కు తిప్పినది న్యాయశాస్త్రం కాదు, 1930లలోని నిరుద్యోగమూ, సమ్మెలూ. 1935 నాటి వాగ్నర్ చట్టం యూనియన్ పని చేసినందుకు తొలగించడాన్ని నిషేధించింది. పెన్సిల్వేనియాలోని అలిక్విపా ఉక్కు ఫ్యాక్టరీలో పదిమంది కార్మికులను అందుకే తీసివేసిన జోన్స్-లాఫ్లిన్ కంపెనీ, చట్టం చెల్లదని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1937 ఏప్రిల్‌లో ఐదుగురికి నలుగురు తేడాతో చట్టం నిలిచింది. తీర్పు రాసినవాడు అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన ఆ హ్యూజే. కాని ఆయన ఒక మాట జాగ్రత్తగా చేర్చాడు. ఉద్యోగులను ఎంచుకునే, తొలగించే మామూలు హక్కులో ఈ చట్టం జోక్యం చేసుకోదు. ఆ ముసుగులో యూనియన్‌ను బెదిరించడాన్ని మాత్రమే ఆపుతుంది – అని. తల్లివేరు అలాగే ఉన్నది; ఒక కొమ్మ నరికారు. పైగా వాగ్నర్ చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్ళలో పనిచేసేవారిని బయటనే వదిలింది. దక్షిణాదిలో ఆ పనులలో ఉన్నది అత్యధికంగా నీగ్రోలు.

తల్లివేరును నిజంగా కదిలించినవి యూనియన్ ఒప్పందాలే. తగిన కారణం లేకుండా తొలగించరాదన్న షరతు, కాదంటే మధ్యవర్తి విచారణ – ఈ రెండూ ఒప్పందాలలోకి ఎక్కాయి. 1950లలో ప్రైవేటు రంగ కార్మికులలో సుమారు మూడవ వంతుకు ఈ రక్షణ ఉండేది. ఇప్పుడు యూనియన్లలో ఉన్నది నూటికి ఆరుగురు.

మన పాఠకులలో ఉపాధ్యాయులు ఎక్కువ గనుక ఒక పక్కమాట. 1947లో హాలీవుడ్ స్టూడియోలు పదిమంది రచయితలను, దర్శకులను రాజకీయ విశ్వాసాల కారణంగా వెలివేసినప్పుడు రాజ్యాంగం ఏమీ అనలేదు. రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టివేస్తుందిగాని ప్రైవేటు యజమానిని కాదు. బ్రూక్లిన్ కాలేజీ ఆచార్యుడు హారీ స్లోచోవర్‌ను, విచారణ కమిటీ ముందు జవాబివ్వడానికి నిరాకరించినందుకు తీసివేస్తే మాత్రం, 1956లో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. కారణం, ఆ కాలేజీ నగర ప్రభుత్వానిది. వాక్‌స్వాతంత్ర్యం జీతం ఇచ్చేవాడెవరన్న దానినిబట్టి ఉంటుంది.

1959 తరువాతి చరిత్ర మినహాయింపుల చరిత్ర. కాలిఫోర్నియాలో పీటర్‌మన్ అనే ఉద్యోగిని శాసనసభా సంఘం ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పమన్నారు. అతడు నిజం చెప్పాడు. మరునాడే ఉద్యోగం పోయింది. నేరం చేయనన్నందుకు తొలగించడం ప్రజాహితానికి విరుద్ధమని అప్పీలు కోర్టు చెప్పడంతో మొదటి బీట పడింది. ఇక్కడ దాచకుండా చెప్పవలసినది ఒకటున్నది: ఆ యజమాని కంపెనీ కాదు, టీమ్‌స్టర్ల యూనియన్. తొలగించే అధికారం చేతికొస్తే మనవాళ్ళ చేతుల్లో కూడా అదే పని చేస్తుంది.

1964 పౌరహక్కుల చట్టం జాతి, వర్ణం, మతం, లింగం, పుట్టిన దేశం కారణాలుగా తొలగించడాన్ని నిషేధించింది. 1967లో 40 ఏళ్ళు దాటినవారికి, 1990లో వికలాంగులకు రక్షణ వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. ప్రాణాలర్పించిన ఉద్యమాల ఫలాలు. కాని వీటి నిర్మాణం చూడండి. ఫలానా కారణంతో తీసివేయరాదు అంటాయి. కారణం చూపాలి అనవు. కారణం చెప్పనక్కరలేని చోట చెడ్డకారణాన్ని దాచుకోవడానికి గోడ అక్కరలేదు, మౌనం చాలు. రుజువు భారం వుడ్ పెట్టిన చోటనే – పనివాడి నెత్తిమీదనే ఉన్నది. 1993 నాటి హిక్స్ కేసు దీనికి పరాకాష్ఠ. మిస్సోరీలో ఖైదీల వసతిగృహపు నీగ్రో అధికారి ఒకరిని తొలగించారు. యజమాని చూపిన కారణాలు అసలు కారణాలు కావని విచారణలో తేలింది. అయినా, యజమాని చెప్పింది అబద్ధమని తేలినంత మాత్రాన ఉద్యోగి గెలిచినట్టు కాదు, జాతివివక్షే కారణమని అతడే మెప్పించాలని సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురు తేడాతో చెప్పింది.

పెన్సిల్వేనియాలో గియరీ అనే సేల్స్‌మన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. యు.ఎస్. స్టీల్ కంపెనీ అమ్మే గొట్టాలు ప్రమాదకరమైనవని పైఅధికారులకు చెప్పాడు. కంపెనీ ఆ సరుకును వెనక్కు తీసుకున్నది. గియరీని కూడా తీసివేసింది. 1974లో రాష్ట్రపు అత్యున్నత కోర్టు అతడికి ఏ హక్కూ లేదన్నది. మిచిగన్ కోర్టు 1980లో, ఉద్యోగుల నియమావళిలో ‘తగిన కారణం లేకుండా తొలగించం’ అని రాసుకున్న కంపెనీ మాటకు కట్టుబడాలన్నది. దానికి కంపెనీలు ఏం చేశాయి? నియమావళులలో ‘ఇది ఒప్పందం కాదు, ఉద్యోగం ఇష్టమున్నన్నాళ్ళదే’ అనే వాక్యం చేర్చి, కింద సంతకం తీసుకోసాగాయి. మొదట చెప్పిన ఉత్తరంలోని వాక్యం అంత స్ఫుటంగా ఉండడానికి ఇదొక కారణం. కార్మికులు గెలిచిన తీర్పుకు అది యజమానుల జవాబు.

ఈ సూత్రాన్ని సమర్థించేవారిలో సమర్థుడు రిచర్డ్ ఎప్‌స్టీన్. 1984లో ఆయన చేసిన వాదన తేలికది కాదు. మంచి పనివాడిని ఊరికే తీసివేసే యజమాని తానే నష్టపోతాడు. మిగిలినవారు అతడిని నమ్మరు. వెళ్ళిపోగలగడమే పనివాడికి పెద్ద రక్షణ. కోర్టు ఖర్చులు లేకపోవడం ఇద్దరికీ లాభం – ఇదీ ఆ వాదన. తీసివేయడం కష్టమైన చోట చేర్చుకోవడానికి వెనకాడతారన్నది కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఆ భయంతోనే యజమానులు తాత్కాలికపు ఉద్యోగులతో పని నెట్టుకురావడం అన్ని దేశాలలోనూ చూస్తున్నాం. కాని ఎప్‌స్టీన్ లెక్కలో వెళ్ళిపోయే పనివాడికి నష్టం ఒక వారం జీతమన్నట్టు ఉంటుంది. అమెరికాలో కోట్లమందికి రోగం వస్తే ఆసుపత్రి ఖర్చు భరించే బీమా కూడా యజమాని ద్వారానే వస్తుంది. ఉద్యోగి పోతే కంపెనీ వెతుక్కునేది మరొక ఉద్యోగిని. ఉద్యోగం పోతే మనిషి వెతుక్కునేది ఇల్లు, మందు, పిల్లల బడి.

అకారణపు తొలగింపును చట్టం ద్వారా నిషేధించిన ఒకే రాష్ట్రం మాంటానా. 1987లో వచ్చిన ఆ చట్టం కార్మికోద్యమపు విజయం కాకపోవడం వింత. జూరీలు ఇష్టంవచ్చినంత పరిహారం ఇస్తున్నాయని బెదిరిపోయిన యజమానులు, బీమా కంపెనీలవారే దానిని కోరుకున్నారు. ప్రొబేషను దాటినవాడిని తగిన కారణం లేకుండా తీయకూడదు. తీసినా పరిహారం నాలుగేళ్ళ జీతం మించకూడదు. అలా బేరం కుదిరింది. 2021లో న్యూయార్క్ నగరం ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల పనివారికి తగిన కారణం షరతు అమలుచేసింది. దేశం మొత్తానికి ఉన్నదల్లా 1988 నాటి చట్టం: వందమంది, అంతకుమించి పనివారున్న కంపెనీలు మూకుమ్మడి తొలగింపులకు 60 రోజుల ముందు చెప్పాలి.

ఆ 60 అనే అంకె మనవారికి ఇంకొక చోట కూడా ఎదురవుతుంది. హెచ్-1బి వీసా మీద ఉన్న ఉద్యోగికి పని పోతే, 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపల కొత్త యజమాని దరఖాస్తు పెట్టాలి, లేదా మరొక హోదాకు మారాలి, లేదా దేశం విడవాలి. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తొలగించినప్పుడు తెలుగు ఇళ్ళలో ఈ రోజులు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. మానుకునే హక్కు వీరికీ ఉన్నది. బెయిలీలాగా జైలు లేదు. కాని ఇల్లు, కారు అప్పు, అక్కడే పుట్టిన బిడ్డ, ఏళ్ళ తరబడి నిలిచిన గ్రీన్‌కార్డు వరుస – ఇవన్నీ ఒక యజమాని సంతకానికి వేలాడుతున్నప్పుడు, పై అధికారి అన్యాయపు మాటకు ఎదురుచెప్పేముందు మనిషి ఏమి లెక్క వేసుకుంటాడో ఊహించవచ్చు. మార్టిన్ తాను కార్మికుడిని కాననుకున్నాడు. వీరిలోనూ చాలామంది అలాగే అనుకుంటారు; ఆ దేశంలో యూనియన్ మాట ఎత్తితే నవ్వుతారు.

మన దేశపు చట్టం ఈ దారిన పుట్టలేదు. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ, ఏడాది నిండిన కార్మికుడిని రిట్రెంచ్ చేయాలంటే నెల నోటీసు, కారణం, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఉండాలన్నది. ఫ్యాక్టరీలలో పెద్ద తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అక్కరలేని పరిమితి నూరుమంది లోపు నుంచి మూడువందల లోపుకు 2020 కోడ్‌లో పెరిగింది. 2025 నవంబరులో అది అమలులోకి వచ్చింది. దానిని సమర్థించేవారి నోట వినబడే మాటలు ఎప్‌స్టీన్ మాటలకు దూరపు చుట్టాలు.

ఉత్తరంలోని ఆ వాక్యం వంటిదే ఒకటి 1986లో మన సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది. కలకత్తాలోని ప్రభుత్వ జలరవాణా సంస్థ నియమావళిలో, మూడు నెలల నోటీసో దాని జీతమో ఇచ్చి, కారణం చెప్పకుండా పర్మనెంటు ఉద్యోగిని తొలగించవచ్చునన్న నియమం ఉండేది. బ్రోజోనాథ్ గంగూలీ అనే అధికారి దానిని సవాలు చేశాడు. అది ఎనిమిదవ హెన్రీ రాజు చెలాయించినటువంటి నిరంకుశాధికారమని కోర్టు కొట్టివేసింది. బేరమాడే బలం సమానంగా లేని ఇద్దరి మధ్య, బలహీనుడు సంతకం పెట్టక తప్పని అన్యాయపు షరతును కోర్టులు అమలుచేయవన్నది. అడేర్ తీర్పుకు ఇంతకంటే సూటి జవాబు నేను చదవలేదు. అయితే తీర్పులో సగం బలం రాజ్యాంగపు 14వ అధికరణానిది. ఆ సంస్థ ప్రభుత్వానిది గనుక అది పనికివచ్చింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీ గదిలోకి పిలిచి, రాజీనామా కాగితం ముందు పెట్టి, సాయంత్రంలోగా సంతకం చేయమని అడిగినప్పుడు ఆ అధికరణం ఆ గదిలోకి రాదు. అక్కడ ఉండేది కాగితం, కలం, తలుపు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనిషి.